యాభై ఎనిమిదో పేరు

జనవరిలో ఒక మంగళవారం ఉదయం ఏడు గంటలకు, పిల్లలు రాకముందే, నా క్లాసు తలుపుకు ఒక కాగితం అంటించాను. నాలుగు మూలలా టేపు వేసి, అరచేత్తో నిమిరి, రెండడుగులు వెనక్కి వెళ్లి వంకర రాలేదు కదా అని చూసుకున్నాను. తొమ్మిదో తరగతి ఆల్జీబ్రా, రెండు సెక్షన్లు కలిపి యాభై ఎనిమిది మంది. ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కులకు పేర్లు. మొదటి ఐదూ ఆకుపచ్చ ఇంకు, చివరి ఐదూ ఎర్ర ఇంకు. పని శుభ్రంగా చేశానని తృప్తి కూడా కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కాగితం కన్నా ఆ తృప్తికే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

అప్పటికి నేను ఆ పనిలో చెయ్యి తిరిగినదాన్ని. విజయవాడలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో, ఆడపిల్లల క్యాంపస్‌లో పదేళ్లు మ్యాథ్స్ చెప్పాను. ఆదివారం పరీక్ష, సోమవారం పొద్దున నోటీసు బోర్డు. పిల్లలు టిఫిన్ కూడా మానేసి ఆ బోర్డు ముందు గుమిగూడేవాళ్లు. పేరు పైకి వెళ్లినవాళ్లు పై సెక్షన్‌కి, కిందకి జారినవాళ్లు కింది సెక్షన్‌కి. అది క్రూరత్వమని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఆ బోర్డు కింద నిలబడే చదువుకున్నాను, నా పేరు ఎప్పుడూ పైనే ఉండేది. సిగ్గు పుడితేనే బుద్ధి పుడుతుందని గట్టిగా నమ్మేదాన్ని.

పెళ్లయ్యాక చాలా ఏళ్లకు మేం మిషిగన్ వచ్చాం. మావారికి ట్రాయ్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీర్ ఉద్యోగం. నాకు వర్క్ పర్మిట్ వచ్చి, ఇక్కడి టీచర్ సర్టిఫికెట్ పరీక్షలు పాసయ్యేసరికి ఏడేళ్లు పట్టింది. ఉద్యోగం డెట్రాయిట్‌లో ఒక చార్టర్ స్కూల్లో దొరికింది. ఫీజు లేని ప్రభుత్వ బడే, కాకపోతే నడిపేది ఒక సంస్థ. ఫలితాలు చూపిస్తే అనుమతి కొనసాగుతుంది, లేకపోతే తాళం పడుతుంది. మా సంస్థ మూతపడ్డ ఒక సూపర్ మార్కెట్‌లో ఒకే ఒక్క బడితో మొదలై, నేను చేరేసరికి ఐదు క్యాంపస్‌లకు పెరిగింది. ఆరోది ఆ జనవరి తర్వాత వచ్చే సెప్టెంబర్‌లో తెరవాలి. సీట్లకన్నా పిల్లలు ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు, లాటరీలో రానివాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు.

ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ ఎంతో ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. ఐదు క్యాంపస్‌లలో ఒకటే సిలబస్, ఒకే రోజు ఒకే పాఠం, ఆరు వారాలకొక పరీక్ష. నాకు నవ్వాగలేదు. డెట్రాయిట్ వచ్చి పుట్టింట్లో అడుగు పెట్టినట్టయింది.

అతను నాకన్నా పదేళ్లు చిన్నవాడు. ఆ బడికి నాలుగు వీధుల అవతల పుట్టి పెరిగినవాడు. తను చదివిన బడి కళ్లముందే మూతపడిందట. రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి, మంచు కురుస్తున్నా సరే, వచ్చే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ పేరు పెట్టి పిలిచి చెయ్యి కలిపేవాడు. లోపల వరండా నేల మీద నీలి టేపు గీత ఉండేది. పిల్లలు దాని మీదే, మాట్లాడకుండా, ఒకరి వెనక ఒకరు నడవాలి. నా పాత హాస్టల్లో ఇంత క్రమశిక్షణ లేదని మావారితో గొప్పగా చెప్పాను కూడా.

ఇక ఆ జాబితాలో యాభై ఎనిమిదో పేరు ఒక అమ్మాయిది. పద్నాలుగేళ్లు. అమ్మమ్మ దగ్గర ఉండి, రెండు బస్సులు మారి వచ్చేది. సెప్టెంబర్ పరీక్షలో ఆమెకు యాభైకి మూడు వచ్చాయి. భిన్నాలు అసలు రావు. సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా అంటే మూడో వంతే అనేది, మూడు రెండు కన్నా పెద్దది కదా అని. నేను లంచ్‌లో నా గదికి రమ్మన్నాను. వచ్చేది. చిప్స్ ప్యాకెట్ ఒక చేత్తో పట్టుకుని, సగం ఏదో మూడో వంతు ఏదో తెలియడానికి నేనిచ్చిన కాగితాలు ఇంకో చేత్తో మడిచేది. నా డబ్బాలో పులిహోర చూసి, "మిస్, మీ ఇంట్లో అన్నం ఎప్పుడూ పసుపే ఉంటుందా?" అని అడిగింది ఒకరోజు. ఇంకోరోజు, తను ఈ బడిలో ఎందుకుందో చెప్పింది.

"మా చెల్లి కోసం, మిస్. లేకపోతే ఈ నీలి గీత మీద నడక నా వల్ల కాదు."

చెల్లికి ఐదేళ్లు. కొత్త క్యాంపస్‌లో కిండర్‌గార్టెన్ మొదలవుతుంది. అక్కో అన్నో మా సంస్థలో చదువుతుంటే చెల్లికి లాటరీ అక్కర్లేదు, సీటు ఖాయం. అక్క మానేస్తే చెల్లి పేరు కూడా వందలమంది పేర్లలో కలిసిపోతుంది. వాళ్ల వీధి దగ్గరున్న బడి మీద అమ్మమ్మకు నమ్మకం లేదు. అందుకని ఈ పిల్ల రెండు సీట్లు మోస్తోంది.

జనవరి పరీక్షలో ఆమెకు తొమ్మిది వచ్చాయి. సోమవారం పేపర్లు ఇస్తూ ఆమె పేపర్ మీద "మూడు నుంచి తొమ్మిది! మూడింతలు!" అని నా చేత్తో రాశాను. ఆ పిల్ల దాన్ని మడవకుండా, నలక్కుండా పుస్తకంలో పెట్టుకుంది. అది చూసి సంతోషించినదాన్నీ, మర్నాడు పొద్దున ఎర్ర ఇంకుతో ఆమె పేరు అట్టడుగున రాసి తలుపుకు అంటించినదాన్నీ నేనే. జాబితాలో మూడు ఎక్కడా కనబడదు. తొమ్మిదే కనబడుతుంది.

రెండో పీరియడ్ అయ్యేసరికి ఎవరో ఫోటో తీశారు. మూడో పీరియడ్‌కి అది అన్ని ఫోన్లలోకీ పాకింది. మొదటి పేరున్న పిల్ల నా దగ్గరకొచ్చి, "ప్లీజ్, తీసేయండి మిస్" అంది. ఆమె కళ్లనిండా నీళ్లు. ఫస్టు వచ్చి ఏడ్చే పిల్లను నేను జీవితంలో మొదటిసారి చూశాను. నేను తీయలేదు. ప్రిన్సిపాల్ వచ్చి, ఏమీ అనకుండా, నాలుగు మూలలా గోటితో టేపు లాగి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే యాభై ఎనిమిదో పేరు బడిలో లేదు. లంచ్ గంట కొట్టకముందే పక్క తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాం. ఒక పిల్ల మార్కులు ఇంకొకరికి చూపించకూడదని ఇక్కడ చట్టం. ఉద్యోగంలో చేరినప్పుడు దాని మీద వీడియో చూపిస్తారు. నేను దాన్ని రెట్టింపు వేగంతో పరిగెత్తించి, చివర్లో "అర్థమైంది" అని నొక్కాను.

"మీ ఉద్దేశం మంచిదే, నాకు తెలుసు," అన్నాడతను. "కానీ ముగ్గురు తల్లులు ఫోన్ చేశారు. మార్చిలో మన అనుమతి చూసేవాళ్లు వస్తున్నారు. కొత్త క్యాంపస్ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది."

నాకు చర్రున కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్లకే ముందు కోపం వస్తుంది. "మీరు మాత్రం ఐదు క్యాంపస్‌ల టీచర్ల ఫలితాలు మీటింగ్‌లో తెర మీద వేయరా?"

"అందులో పేర్లు ఉండవు. నంబర్లే."

"ఏ నంబర్ ఎవరిదో అందరికీ తెలుసు."

 అతను ఒక కాగితం నా ముందుకు జరిపాడు. వార్నింగ్ లెటర్. కింద ఇంకో వాక్యం: ఈ విషయమై ఏ పిల్లల ఇంటితోనూ నేను స్వయంగా మాట్లాడకూడదు, అంతా ఆఫీసు చూసుకుంటుంది. సంతకం పెట్టాను.

ఇంటికెళ్లి చెబితే మావారు ముందు లాయర్ అన్నారు. ఆయనది కరీంనగర్, కంగారు పడితే ఇంగ్లిష్, తెలుగు రెండూ కలిసి దొర్లుతాయి. "వార్నింగ్ లెటర్ అంటే ఊకె కాదు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నప్పుడు మనకి ఏ ఇష్యూస్ వద్దు. నువ్వు సప్పుడు చేయకుండా ఉండు."

మా అమ్మాయికి పదహారేళ్లు. భోజనాల బల్ల దగ్గర చెంచా ఆపేసి నన్నే చూసింది. "అమ్మా, సీరియస్లీ? డోర్ మీద? నేమ్స్‌తో?"

"మా కాలేజీలో అందరం అలాగే..."

"మా స్కూల్‌లో ఎవరైనా టీచర్ నా నేమ్ అలా పెడితే? నువ్వే ఫస్ట్ ఈమెయిల్ రాస్తావు. ప్రిన్సిపాల్‌కి, బోర్డ్‌కి, అందరికీ."

నిజమే. రాస్తాను.  నా పిల్లకు పనికిరానిది వాళ్ల పిల్లలకు ఎలా పనికొస్తుందనుకున్నానో నాకే తెలియలేదు.

మర్నాడు జాబితాలో చివరి పేరున్న అమ్మాయి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మా సంస్థలో ఒక నియమం ఉంది. ఏ కబురూ లేకుండా వరసగా పది బడి రోజులు రాకపోతే సీటు పోతుంది, వెయిటింగ్ లిస్టులో తర్వాతి పిల్లకు ఇస్తారు. కంప్యూటర్‌లో హాజరు చూపే తెర మీద ఆమె పేరు పక్క గడి మూడో రోజుకు పసుపు రంగుకు తిరిగింది. ఆఫీసు ఫోన్ చేస్తోందా అని అడిగితే, చేస్తోందన్నారు. వాయిస్ మెయిల్ నిండిపోయిందట, ఉత్తరం పంపారట. అయిదో రోజుకు గడి నారింజ రంగులోకి మారింది. రోజూ పొద్దున కంప్యూటర్ తెరవగానే ముందు ఆ గడే చూసేదాన్ని. తెరవకుండా ఉంటే బాగుండుననిపించేది, తెరవకుండా ఉండలేకపోయేదాన్ని.

స్టాఫ్ రూమ్‌లో ఒక తోటి టీచర్ ఓదార్పుగా చెప్పింది, "ఒకందుకు మంచిదే. మీ యావరేజ్ పెరుగుతుంది." ఆమె చెడ్డ మనిషి కాదు. అయినా అన్నం డబ్బా మూత పెట్టేసి బయటికి వచ్చేశాను. అక్కడే ఉంటే ఏం అనేదాన్నో నాకే భయం వేసింది. ఎందుకంటే యావరేజ్ పెరుగుతుందన్న లెక్క నా బుర్రలో అప్పటికే ఒకసారి తిరిగి వెళ్లింది.

ఆ రోజుల్లోనే విజయవాడ నాటి ఒక పిల్ల గుర్తొచ్చింది. కింది సెక్షన్ పిల్ల. ఒక సోమవారం బోర్డు చూసి, సాయంత్రం నాన్నను పిలిపించుకుని, రేకు పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. గేటు దగ్గర నాన్న పెట్టె నెత్తిన పెట్టుకోబోతే, వద్దని తనే మోసుకెళ్లింది. నేను మేడ మీద నిలబడి చూశాను. బుధవారానికి హాస్టల్లో ఆ పిల్ల మంచం మీద ఇంకో పిల్ల పడుకుంది. వెళ్లిపోయిన పిల్ల ఏమైందో నేను అడగలేదు. ఇప్పుడు పేరు గుర్తు చేసుకుందామన్నా రావడం లేదు. పదేళ్లలో ఎందరు ఫస్టు వచ్చారో చెప్పమనండి, వరసగా చెప్తాను.

ఏడో రోజు సాయంత్రం బడి వదలగానే కారు ట్రాయ్‌లో మా ఇంటి వైపు కాకుండా ఇంకోవైపు తిప్పాను. చిరునామా హాజరు తెరలోనే ఉంటుంది. చూడకూడదు, చూశాను. సంతకం పెట్టిన కాగితం గుర్తుంది, మావారి గ్రీన్ కార్డ్ గుర్తుంది. వాళ్ల వీధిలో వరసకు రెండిళ్లు ఖాళీ. వీళ్ల ఇంటి ముందు మాత్రం మంచు అంచులు చెక్కినట్టు ఊడ్చి ఉంది.

తలుపు తీసింది అమ్మమ్మ. ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తుందట, అక్కడ వేసుకునే నీలం బట్టల్లోనే ఉంది. నేనెవరో చెప్పకముందే ఆమె వెనక నుంచి చిన్న పిల్ల తల బయటపెట్టి అడిగింది, "లిస్ట్ పెట్టిన ఆవిడ మీరేనా?"

అవునన్నాను.

అమ్మమ్మ నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. గుమ్మంలోంచే వంటగదిలో ఫ్రిజ్ కనబడుతోంది. ఆమె అటు చూపించింది. "సోమవారం వచ్చీ రాగానే ఆ తొమ్మిది కాగితం అక్కడ పెట్టింది. మీరు రాసింది నాకు చదివి వినిపించింది. నేను పనికి వెళ్లేముందు మళ్లీ చదివింది. మంగళవారం అదే చేత్తో పీకేసింది."

"నేను చేసింది తప్పు," అన్నాను. "క్షమించమని అడగడానికి వచ్చాను. తనను బడికి పంపండి. పది రోజులు దాటితే సీటు పోతుంది. చిన్నదాని సీటూ పోతుంది."

"పది రోజుల సంగతి నాకు తెలుసమ్మా. ఉత్తరం వచ్చింది." ఆమె గొంతు పెంచలేదు. "నేను ఒక్కటి అడుగుతాను. మీ పేరు ఎప్పుడైనా అలా తలుపు మీద పెట్టారా?"

"పెట్టారు. చిన్నప్పటి నుంచీ."

"ఎక్కడ ఉండేది? పైనా, కిందా?"

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. "పైన," అన్నాను.

ఆమె తల ఊపింది. "అదీ సంగతి. ఇక మీకు ఎవరు చెప్పి ఏం లాభం?"

లోపల ఎక్కడో మంచం కిర్రుమంది. ఆ పిల్ల వింటోందని నాకు తెలుసు. గొంతు పెంచి, "నువ్వు నాలుగు నెలల్లో మూడు నుంచి తొమ్మిదికి వచ్చావు. నా క్లాసులో ఇంకెవరి మార్కులూ మూడింతలు కాలేదు," అన్నాను. అమ్మమ్మ నెమ్మదిగా తలుపు వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో, మంచులో కారు దాకా నడుస్తుంటే బాగా తెలిసివచ్చింది.

ఇంటికొచ్చాక మావారికి చెబితే ఆయన గట్టిగా అరిచారు. "సంతకం పెట్టి మళ్లీ ఎందుకు పోయినవ్? జాబ్ పోతది, ఎరుకేనా?" తెలుసన్నాను. ఎనిమిదో రోజు ఆ పిల్ల రాలేదు. తొమ్మిదో రోజు గడి ఎర్రబడింది. ఆ ఎరుపు నేను జాబితాలో వాడిన ఇంకు రంగే.

పదో రోజు నేను క్లాసు అసిస్టెంట్‌కి అప్పజెప్పి ఆఫీసులో కూర్చున్నాను. ఎనిమిదింబావుకు హాజరు ముగుస్తుంది. ఎనిమిదింబావు అయింది. ప్రిన్సిపాల్ బల్ల మీద ఒక ఫైలు ఉంది, అందులో వెయిటింగ్ లిస్టులో తర్వాతి పిల్ల కాగితాలు. ఆ తల్లికి ఫోన్ చేయడమే మిగిలింది. అతను రిసీవర్ మీద చెయ్యి వేశాడు.

"ఆగండి," అన్నాను. "బయట మంచు పడుతోంది. ఆ పిల్ల రెండు బస్సులు మారాలి."

"అందరికీ ఒకటే నియమం. నియమం ఉంది కాబట్టే ఇన్ని కుటుంబాలు మనల్ని నమ్ముతున్నాయి. ఈ తల్లి కూడా ఆరు నెలలుగా ఎదురుచూస్తోంది."

"నేను నియమం తప్పాను. నా కుర్చీ నాకే ఉంది. వాళ్లింటికి వద్దన్నా వెళ్లాను, అది కూడా ఇప్పుడే చెబుతున్నాను. రాసుకోండి. నా మీద ఏం చేస్తారో చేయండి. కానీ ఆ పిల్లను బడి మాన్పించింది నేను. ఆ సీటు పోతే నేనూ పోతాను."

అతని ముఖం ఎర్రబడింది. "బెదిరిస్తున్నారా?"

"అడుగుతున్నాను. పిల్లలకు వెయిటింగ్ లిస్టు ఉంది. మ్యాథ్స్ టీచర్లకు ఉందా మీ దగ్గర?"

లేదు. ఏడాది మధ్యలో మ్యాథ్స్ టీచర్ ఎక్కడా దొరకరు. మార్చిలో తనిఖీ. ఇద్దరికీ ఆ లెక్క తెలుసు. అతను నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, అలసట ఉంది, తన బడి మూతపడిన రోజు కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. రిసీవర్ మీద నుంచి చెయ్యి తీశాడు.

"తొమ్మిది. అంతవరకే."

నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.  ఎనిమిదిన్నర. ఎనిమిది నలభై. అద్దాల తలుపు అవతల ఉప్పు చల్లే ట్రక్కు ఒకటి మెల్లగా పోయింది. ఎనిమిది నలభై ఎనిమిదికి అమ్మమ్మ నీలం బట్టలు కనబడ్డాయి. ఆమె చెయ్యి పట్టుకుని చెల్లి. వాళ్ల వెనక, తల దించుకుని, బూట్లకు అంటిన మంచు దులపకుండా ఆ పిల్ల.

ప్రిన్సిపాల్ లేచి గుమ్మం దాకా వెళ్లి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. చెయ్యి చాచాడు. ఆమె చెయ్యి కలిపింది. నేనూ లేచి నిలబడ్డాను. నా పక్కనుంచే వెళ్లింది గాని నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను. వెయిటింగ్ లిస్టులోని ఆ తల్లి ఫోన్ ఆ రోజు మోగలేదు. ఆమె ఎవరో, ఆ పిల్ల ఎక్కడ చదువుతోందో నేను కనుక్కోలేదు.

ఆ తర్వాత ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా మానలేదు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పిలిస్తే లేచి బోర్డు మీద లెక్క చేసేది, కూర్చునేది. లంచ్‌కి మాత్రం రాలేదు. నేను గది తలుపు తెరిచి ఉంచి, పక్క కుర్చీ ఖాళీగా పెట్టి, రోజూ ఒక్కదాన్నే తిన్నాను. నాకు దక్కవలసిందే దక్కింది అనుకునేదాన్ని, అయినా వరండాలో చప్పుడైతే తల ఎత్తేదాన్ని. మార్చిలో తనిఖీ గట్టెక్కింది. కొత్త క్యాంపస్‌లో చెల్లికి సీటు వచ్చినట్టు ఆఫీసులో విన్నాను. నా ఉద్యోగం పోలేదు, ఫైల్లో రెండో లెటర్ చేరింది.

మే చివర్లో ఏడాది పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లకు యాభైకి ముప్ఫై ఒకటి. నేను పేపర్ రెండుసార్లు దిద్దాను, నమ్మకం చాలక. మూడు, తొమ్మిది, ముప్ఫై ఒకటి. లంచ్‌కి రాకుండా, నన్ను ఒక్క ప్రశ్న అడగకుండా, ఆ కాగితాలు ఎక్కడ ఎవరి పక్కన కూర్చుని మడిచిందో నాకు తెలియదు. ఈసారి మార్కులు ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసు. ఎవరి మార్కు వాళ్లకే, విడిగా, చెవిలో చెప్పినట్టు. సాయంత్రం గంట కొట్టాక వరండాలో, పిల్లలందరూ వెళ్లిపోయాక, నీలి గీత మీద ఒక్కతే వస్తున్న ఆమెను ఆపాను.

"ముప్ఫై ఒకటి," అన్నాను మెల్లగా. "నువ్వు లాస్ట్ కాదు. చాలా పైన ఉన్నావు."

నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆమె నా ముఖంలోకి చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే లాస్ట్ ఎవరు, మిస్?"

పేరు నా నాలుక చివరే ఉంది. ఆ పిల్లవాడి మార్కు, కూర్చునే బెంచీ, వాడికి ఏ లెక్క రాదో కూడా తెలుసు. ఆమె కదలకుండా నిలబడి చూస్తోంది.

"ఎవరూ లేరు," అన్నాను.

"మీకు తెలుసు," అంది ఆమె. గొంతులో కోపం లేదు. బ్యాగ్ సర్దుకుని, గీత మీద నడుచుకుంటూ తలుపు దాకా వెళ్లి, బయటికి వెళ్లిపోయింది.

ముందురోజు సాయంత్రం ఇంట్లో, ఎవరికీ చూపించడానికి కాదు, నా కోసమే, యాభై ఎనిమిది పేర్లూ పైనుంచి కిందకి రాసుకున్నాను. ఆకుపచ్చ ఇంకు ఐదు, ఎర్ర ఇంకు ఐదు. ఆ కాగితం అప్పుడు నా భుజాన వేలాడుతున్న సంచీలోనే ఉంది.